రోడ్డు ఎత్తు లేపుతున్నారు: గెడ్డ దగ్గర రెండు 600 పైపులు సరిపోతాయా?

పల్లపుమడి:
ఆమదాలవలస వైపు మా ఊరి రోడ్డును అడుగున్నర ఎత్తు లేపి తారు వేస్తున్నారు. గెడ్డ (వాగు) దాటే చోట రెండు కళ్ల (నీరు పారే ఖానాల) పాత రాతి కల్వర్టు తీసేసి 600 మి.మీ. వ్యాసం హ్యూమ్ (కాంక్రీటు) పైపులు రెండు వరుసలు వేస్తున్నారు. ఎగువన మెట్ట, బంద (చిన్న చెరువు) పొర్లు నీళ్లతో కలిపి సుమారు 125 ఎకరాల వాన నీరు ఇటే రావాలి. పక్కనున్న చింత, నేరేడు చెట్లకి సున్నం గుర్తులు కూడా పెట్టేశారు. పని ఆపించాలని కాదు, రోడ్డు మాకు కావాలి. ఏం అడగాలి, ఎవర్ని అడగాలి?

ఎంబుక్కు:
సరిపోవండి. 125 ఎకరాలంటే 0.5 చదరపు కి.మీ. గంటకు 80 మి.మీ. వాన, అందులో సగం పారుతుందనుకుంటే 0.278 (యూనిట్లు మార్చే గుణకం) × 0.5 × 80 × 0.5, అంటే సెకనుకు దాదాపు 5.5 ఘనపు మీటర్లు. 600 పైపు నిండుగా, సెకనుకు 2 మీటర్ల వేగంతో పారినా 0.57 ఘనపు మీటర్లు దాటదు. రెండూ కలిపి 1.1. వరి మడుల్లో వాలు తక్కువ, ఆ 2 మీటర్ల వేగం కూడా రాదు. 1000 పైపులైతే నాలుగు కావాలి, లేదా 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తున్న స్లాబు కల్వర్టు. నాకైతే స్లాబే నయం. చెత్త, గుర్రపుడెక్క అడ్డుపడ్డా మనిషి దిగి తీయగలడు. 600 పైపులో పూడిక తీసేదెవరు?

అసలు సంగతి వేరే ఉంది. పాత రోడ్డు పల్లంగా ఉన్నన్నాళ్లూ మిగులు నీరు రోడ్డు మీదుగా పొర్లిపోయేది. అడుగున్నర లేపితే అదే చెరువు గట్టవుతుంది. కల్వర్టు పెద్దది కుదరకపోతే, ఆ ముక్క వరకు ఎత్తు లేపకుండా, నీరు పైనుంచి పొర్లిపోయే కాంక్రీటు కాజ్‌వేగా వదిలెయ్యమనండి.

వేసేటప్పుడు ఇవి చూడండి: పైపు అడుగు గెడ్డ అడుగు మట్టానికే ఉండాలి. పైకి పెడితే ఎగువన నీరు నిలుస్తుంది, కిందికి పెడితే ఒక్క సీజనులో పూడిపోతుంది. పైపు మీద కనీసం 600 మి.మీ. మట్టి కప్పు ఉండాలి. వరుసల మధ్య మట్టి గట్టిపరచడానికి పైపు వ్యాసంలో సగమైనా ఎడం లేకపోతే అక్కడే కుంగుతుంది. దిగువన రాతి పరుపు లేకపోతే నీరు పునాది కింద కోసి పైపు మూతి దగ్గరి గోడను, అంటే హెడ్‌వాల్‌ని పడేస్తుంది.

పల్లపుమడి:
ఒక వరుస అప్పుడే వేసి మట్టి కప్పేశారు. ఎస్టిమేటులో అంతే ఉందంటున్నారు.

గ్రామసభ:
ముందు రోడ్డు పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)దా, కేంద్రం గ్రామీణ రోడ్ల పథకం పీఎంజీఎస్‌వైదా తేల్చుకోండి. శాఖను బట్టి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) మారతారు. పీఎంజీఎస్‌వై అయితే అయిదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే.

ఈఈకి రాతపూర్వకంగా రెండే అడగండి: కల్వర్టు హైడ్రాలిక్ లెక్క (ఎంత నీటికి ఎంత కల్వర్టో చూపేది), ఎల్-సెక్షను (రోడ్డు పొడవునా ఎత్తుపల్లాలు చూపే పటం). "లెక్క లేకపోతే వేయించి, సవరణ అంచనా పంపండి" అని అందులోనే రాయండి. రసీదు తీసుకుని అదే కాపీ సోమవారం గ్రీవెన్సులో ఇవ్వండి. సమాచార హక్కు అర్జీ కూడా పెట్టండి. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కానీ జవాబుకు 30 రోజుల గడువు, ఈలోపు తారు పడిపోద్ది. అందుకే కాగితాలతో పాటు సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా చూడటానికి అనుమతి అడగండి. అది కూడా హక్కే.

టేపు పెట్టి, తేదీ కనిపించేలా పైపు వ్యాసం ఫొటో తీయండి. కప్పేసిన వరుస తవ్వాల్సిన పని లేదు, పక్కన స్లాబు కన్ను ఒకటి కలపమనొచ్చు. ఎం బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకంలో) కొలత ఎక్కి బిల్లు అయిపోయాక మాత్రం ఎవరూ కదలరు.

నేరేడుకొమ్మ:
చెట్ల గురించి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) ఉంది, అనుమతి లేకుండా కొట్టకూడదు. ఆ అనుమతి కాపీ అడిగి, అందులో ఎన్ని చెట్లో, ఏ జాతో చూసి సున్నం గుర్తులతో పోల్చండి. కాగితంలో నాలుగుండి గుర్తులు ఆరు కనిపిస్తే అప్పుడే అభ్యంతరం రాయండి, కొట్టాక రాసి లాభం లేదు.

నిలిచే చెట్లకీ గండమే. మొదలు చుట్టూ అడుగున్నర మట్టి పోస్తే వేళ్లకు గాలి ఆడక రెండు మూడేళ్లలో ఎండుతాయి, చుట్టూ రాళ్ల గోడ కట్టి పాత మట్టం అలాగే ఉంచమనండి. మొదలుకి ఆనుకుని జేసీబీతో కాలువ తీస్తే ఒకవైపు వేళ్లు తెగుతాయి. 2018 తిత్లీ తుపాను లాంటి గాలి వచ్చిన రోజున ఆ చెట్టు రోడ్డు మీదే ఉంటుంది. బదులు మొక్కలంటే తురాయి వద్దు, కొమ్మ పెళుసు. వేప, కానుగ, నేరేడు అడగండి. ఆరడుగుల మొక్క, ముళ్ల కంచె, రెండు వేసవులు నీళ్లు: ఇవి మూడూ అంచనాలో రాసుంటేనే ఒప్పుకోండి.