పల్లె ప్రాక్టీస్: పుట్టి పెరిగిన చోటు ముఖ్యమా, చదువు ముఖ్యమా?

ప్రశ్న: హౌస్ సర్జన్‌ని. పల్లెలోనే పెరిగాను, మొదటి ఏడాదిలో పల్లెకే వెళ్తానని అందరికీ చెప్పాను. ఇన్నేళ్లు పెద్దాసుపత్రిలో నేర్చుకున్నాక, స్కాన్, సీనియర్ లేకుండా రోగిని ఒక్కడినే చూడాలంటే టెన్షన్‌గా ఉంది. నా మనసు మారిందా, చదువే మార్చేసిందా?

జవాబు 1: తమ్ముడూ, మీ మనసు మారలేదు. నేను పట్నంలో పెరిగి, పన్నెండేళ్లుగా పల్లెలో చేస్తున్నాను. కారణం ఒక్కటే: చదువులో మూడు నెలలు చిన్న ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడి డాక్టర్ గారు రాత్రి రెండింటికి కాన్పు చేస్తూ నా చెయ్యి పట్టుకుని నేర్పించారు. రోగిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో కూడా అక్కడే తెలిసింది. ఆ భయం పోవాలంటే పుస్తకం చాలదు, అలాంటి మనిషి పక్కన ఉండాలి.

జవాబు 2: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 సిఫారసుల్లో రెండూ ఉన్నాయి: పల్లె నేపథ్యం ఉన్నవాళ్లకు సీట్లివ్వడం, చదువులోనే పల్లె పోస్టింగులు పెట్టడం. జపాన్‌లో 1972లో మొదలైన జిచి వైద్య విశ్వవిద్యాలయం ఫీజు భరించి, తొమ్మిదేళ్ల సేవ అడుగుతుంది. నా దృష్టిలో షరతు డాక్టర్‌ను తీసుకొస్తుంది కానీ నిలబెట్టదు. జీవిత భాగస్వామికి ఉద్యోగం, పిల్లలకు బడి కూడా చూడాలి కదా.

ప్రశ్న అడిగినవారు: మేడమ్, మాకు పల్లె పోస్టింగ్ అంటే రిజిస్టర్లు నింపడమే. ఒక్క కాన్పూ చేయలేదు. మీ దగ్గర నెల రోజులు ఉండి నేర్చుకోవచ్చా?

జవాబు 1: తప్పకుండా రండి. రాత్రి డ్యూటీకి సిద్ధపడి రండి.