డచ్‌లో ‘తొఖ్’కి ఇంగ్లీషులో ఏం రాయాలి?

పర్లాకిమిడి_అమ్మాయి:
ఇంట్లోంచే ఒక కంపెనీకి డచ్ మెయిల్స్ ఇంగ్లీషులోకి మార్చే పని చేస్తున్నాను. మిగతావన్నీ ఎలాగోలా నెట్టుకొస్తున్నా గానీ ఈ ‘తొఖ్’ దగ్గరే బండి ఆగిపోతోంది. డిక్షనరీలో ‘స్టిల్’, ‘ఎనీవే’, ‘ఆఫ్టర్ ఆల్’ అని వరసగా ఇచ్చారు, ‘యె కొమ్త్ మొర్ఖన్ తొఖ్?’లో వాటిలో ఏది పెట్టినా అతకడం లేదు. రేపటికి ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది.

రాయగడ_అన్న:
అది ‘రేపు వస్తావు కదా?’ అంతేనమ్మా. ‘యూ ఆర్ కమింగ్ టుమారో, రైట్?’ అని రాసెయ్. మనవైపు ఒడియావాళ్లు ‘మూఁ కొహిథిలి పొరా’ అంటారు చూడు, చెప్పాను కదా అని, డచ్‌లో ‘ఇక్ హెప్ హెత్ తొఖ్ ఖెజెఖ్త్’ అంటే సరిగ్గా అదే. ‘ఐ టోల్డ్ యూ, డిడింట్ ఐ?’

బరంపురం_అక్క:
అన్న చెప్పింది కరెక్టే, కానీ అది తేలిగ్గా పలికే ‘తొఖ్’. ఒత్తి పలికితే ‘అయినా’ అవుతుంది, వాన పడుతున్నా వెళ్లాం అనేటప్పుడు వచ్చేది అదే, అక్కడ ‘స్టిల్’ గానీ ‘ఎనీవే’ గానీ పెట్టు. ‘అల్స్ యె తొఖ్ ఖాత్’ అంటే ‘ఎలాగూ వెళ్తున్నావు కాబట్టి’, దానికీ ‘ఎనీవే’ సరిపోతుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ‘యె బెంత్ తొఖ్ నీత్ జీక్?’ లాంటిది. కొంపదీసి ఒంట్లో బాగాలేదా ఏంటి, అని! లేదనే జవాబు రావాలని కోరుకుంటూ అడగడం. ‘ఆర్ యూ ఇల్?’ అని రాస్తే ఆ కంగారంతా పోతుంది, ‘యూ ఆర్ నాట్ ఇల్, ఆర్ యూ?’ అని రాయాలి.

పర్లాకిమిడి_అమ్మాయి:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. మరి ‘కొమ్ తొఖ్ బిన్నన్’?

బరంపురం_అక్క:
గుమ్మంలో మొహమాటపడుతూ నిలబడ్డవాళ్లని ‘అయ్యో, లోపలికి రండి’ అని పిలవడం. ‘డూ కమ్ ఇన్’. అదే ‘హావ్ తొఖ్ ఒప్’ అంటే ‘ఇక ఆపవయ్యా బాబూ’, విసుగు. మెయిల్‌లో గొంతు వినపడదు కాబట్టి ముందు వాక్యం చదవకుండా దీన్ని ముట్టుకోవద్దు, ఇంగ్లీషులో ఏ మాటా అక్కర్లేకుండానే అర్థం వచ్చేస్తే వదిలెయ్, తప్పేం లేదు. ఇంకా తేలనివి ఉంటే ముందూ వెనకా వాక్యాలతో సహా ఇక్కడ పెట్టు, రాత్రికి చూస్తాను.