ఈవెంట్ వ్యూయర్‌లోని ఎర్ర గుర్తులు నిజంగా వైరస్‌లేనా?

ప్రశ్న (హనుమకొండ):
మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామంటూ నిన్న మా బాపుకు హిందీలో, ఎంతో మర్యాదగా ఒక ఫోన్ వచ్చింది. వారు విండోస్, ఆర్ మీటలను కలిపి నొక్కించి, ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, అందులోని ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లేనని చెప్పారట. దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ వేసుకోమనగానే బాపుకు అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశారు. అయితే ఆ గుర్తులు ఉన్నమాట వాస్తవం, నేనూ చూశాను. వాటిని ఏం చేయాలి?

సమాధానం (కాజీపేట, కంప్యూటర్ మరమ్మతుదారు):
ఏమీ చేయనక్కరలేదు. ఏదైనా సర్వీసు ఆలస్యంగా మొదలైనా, ప్రింటర్ దొరకకపోయినా విండోస్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. నిన్న కొన్న ల్యాప్‌టాప్‌లోనూ అలాంటి గుర్తులు కనిపిస్తాయి. మోసగాళ్లు అబద్ధాన్ని చూపించరు, ఉన్నదాన్నే చూపించి దానికి తప్పుడు అర్థం చెబుతారు, అందుకే చదువుకున్నవారు కూడా నమ్ముతారు. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల తెర) తెరిపించి, 888డీసీఏ60తో మొదలయ్యే పొడవాటి సంఖ్యను మీ కంప్యూటర్ గుర్తింపు సంఖ్యంటూ ముందే చదివి వినిపించడం వారి మరో ఎత్తు. ఆ సంఖ్య విండోస్ యంత్రాలన్నింటిలోనూ ఒకటే. మనం అడగకుండా మైక్రోసాఫ్ట్ ఎవరికీ ఫోన్ చేయదు, దాని అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. బ్రౌజర్‌లో తెరనిండా నంబరుతో హెచ్చరిక వచ్చి కదలకపోతే, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను మూసేయండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు అన్నా. ఒకవేళ ఎనీడెస్క్ వేసుకొని ఉంటే?

సమాధానం (కరీంనగర్):
ముందుగా ఇంటర్నెట్ తీసేయాలి. ఆ వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే దాన్ని నిలిపివేయగలరు కాబట్టి ఇక్కడ ఆలస్యం పనికిరాదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేంతవరకు జరిగిన నష్టం ఖాతాదారుడిదేనని, ఆ తర్వాత జరిగేది బ్యాంకుదని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు చెబుతోంది. పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించే తొందరలో మోసగాళ్ల నంబరు, స్క్రీన్‌షాట్లు పోగొట్టుకోకండి. పోలీసులు మొదట అడిగేవి అవే.

సమాధానం (కాజీపేట, కంప్యూటర్ మరమ్మతుదారు):
మీ బాపు డబ్బేమీ పోగొట్టుకోలేదు కనుక 1930 అవసరం లేదు. ఆ ఫోన్ నంబరును టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో, అనుమానాస్పద ఫోన్లపై ఫిర్యాదుకు ఉన్న చక్షు విభాగంలో నమోదు చేస్తే చాలు.