అప్‌డేట్: తప్పు పేషెంట్ రికార్డులో బీపీ రీడింగ్ ఎక్కించేశాను, ఆ తర్వాత ఏమైందంటే

బెంగళూరులో మా వార్డు కాగితం ఫైళ్ల నుంచి కంప్యూటర్‌కు మారింది. చీటీ మీద రాసుకున్న రీడింగులు డ్యూటీ చివర్లో ఎక్కిస్తూ, ఒకరి బీపీ అదే పేరున్న పక్క బెడ్ ఆవిడకు వేసేశాను. ఏం చేయాలని గత నెల ఇక్కడ అడిగాను.

మీరు చెప్పినట్టే వెంటనే ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పాను. టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆవిడ తిట్టలేదు. పాత ఎంట్రీని చెరపకూడదట. తప్పని గుర్తుపెట్టి, కారణం రాసి, సరైనది కొత్తగా చేర్చాలి. ఎవరు ఎప్పుడు మార్చారో సిస్టమ్‌లో ఎలాగూ ఉంటుంది. డాక్టరుకూ చెప్పాం. ఆ రీడింగ్ చూసి ఎవరూ మందు మార్చలేదు, అదే నాకు పెద్ద ఊరట.

ఇప్పుడు చీటీలు మానేశాను. కంప్యూటర్ ఉన్న ట్రాలీని బెడ్ దగ్గరికే తీసుకెళ్లి, చేతి బ్యాండ్ మీద పేరు, హాస్పిటల్ నంబరు రెండూ చూసి అక్కడే ఎక్కిస్తున్నాను. మందు మింగాకే ‘ఇచ్చాం’ అని నొక్కుతున్నాను. ముందే నొక్కేస్తే, పేషెంట్ వద్దన్నా ఇచ్చినట్టే రికార్డవుతుంది. ఎప్పుడైనా ఆలస్యమైతే, ఇచ్చిన టైమ్ విడిగా రాస్తున్నాను.

పాస్‌వర్డులు పంచుకోవడం మాత్రం వార్డులో ఇంకా ఆగలేదు. నాది ఇవ్వనన్నాను. ఇద్దరు మొహం ముడుచుకున్నారు, అయినా ఇవ్వను.