దుకాణం క్రెడిట్ కార్డు బిల్లు ఎలా కట్టాలి?

ప్రశ్న: అన్నలకు, అక్కలకు నమస్కారం. అమెరికా వచ్చి కొన్ని నెలలైంది. డిస్కౌంటు ఇస్తామంటే ఒక దుకాణం కార్డు తీసుకున్నాను. మొదటి బిల్లు వచ్చింది. దుకాణంలోనే కట్టవచ్చా?

న్యూజెర్సీ నుంచి: తమ్ముడూ, ఆ కార్డు అసలు తీసుకోవలసింది కాదు. వీటి వడ్డీ మామూలు కార్డులకన్నా ఎక్కువే ఉంటుంది. కొన్నాళ్లు వడ్డీ లేదని చెప్పి సామాను అంటగడతారు. చాలా కార్డుల్లో గడువు నాటికి కొంచెం బాకీ మిగిలినా, కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ అంతా మీద వేస్తారు.

టెక్సాస్ నుంచి: అన్నగారూ, అతను అడిగింది కట్టే దారి. కార్డు మీద దుకాణం పేరున్నా, అప్పిచ్చేది సాధారణంగా సింక్రనీ, సిటీబ్యాంక్ లాంటి బ్యాంకు. ఆ పేరు బిల్లు మీదే ఉంటుంది. దాని సైటులో నీ చెకింగ్ ఖాతా (రోజువారీ వాడుకునే బ్యాంకు ఖాతా) నంబరు, రౌటింగ్ నంబరు (నీ బ్యాంకును గుర్తించే నంబరు) ఇచ్చి కట్టెయ్. కొన్ని దుకాణాల కౌంటర్లోనూ తీసుకుంటారు, రసీదు మాత్రం వదలకు.

ఒహాయో నుంచి: చెక్కుతో జాగ్రత్త బాబూ. నేను నా బ్యాంకు బిల్‌పేలో, అంటే బ్యాంకే మన తరఫున బిల్లు కట్టే సేవలో కడితే, వాళ్లు కాగితం చెక్కు ముద్రించి పోస్టులో పంపారు. కార్డువాళ్లు ఆలస్యమైందని రుసుము వేశారు. ఫోను చేస్తే పంపేశామని బ్యాంకు, సకాలంలో రాలేదని వీళ్లు. చివరికి బ్యాంకును పట్టుబట్టి చెక్కు నకలు తెప్పించాను. వెనక వైపు ముద్రలో తేదీ గడువుకు ముందుదే! బిల్లులో రెండు చిరునామాలుంటాయి, ఒకటి డబ్బుకు, ఇంకొకటి ఫిర్యాదులకు. ఆ రెండోదానికి నకలు జతచేసి ఉత్తరం రాశాకే రుసుము తీసేశారు. తప్పు కనబడిన బిల్లు పంపిన 60 రోజుల్లోపు ఉత్తరం అందాలి, ఫోను మాట చాలదు.

న్యూజెర్సీ నుంచి: అందుకే ఆటోపే (నెలనెలా ఖాతా నుంచి దానంతటదే కట్టే ఏర్పాటు) పెట్టుకోమంటాను, అదీ మొత్తం బాకీకి.

ఒహాయో నుంచి: ఒప్పుకోను. ఖాతాలో డబ్బు చాలకపోతే చెల్లింపు తిరిగొస్తుంది, దానికి వేరే రుసుము. కొత్తవాళ్లు ఆటోపే కనీస మొత్తానికి పెట్టి, మిగతాది చేత్తో కట్టాలి.

న్యూజెర్సీ నుంచి: ఆ మిగతాది మరిచిపోతే వడ్డీ ఎవరు కడతారండీ?

టెక్సాస్ నుంచి: మీ వాదన తర్వాత. 2009 నాటి అమెరికా క్రెడిట్ కార్డుల చట్టం ప్రకారం బిల్లు కట్టించుకున్నందుకు రుసుము వేయకూడదు. మనిషితో ఫోనులో మాట్లాడి అప్పటికప్పుడు కట్టించుకుంటే మాత్రం వేయవచ్చు. ఆన్‌లైన్‌లో కట్టి, నిర్ధారణ నంబరు దాచుకో.

ప్రశ్న అడిగినవారు: గడువు శుక్రవారం. గురువారం కడితే సరిపోతుందా?

ఒహాయో నుంచి: ఇవాళే కట్టు బాబూ.