అప్‌డేట్: చిన్నాన్న ఆపరేషన్ విరాళాల టార్గెట్ పెంచాం

కవిటిలో ఉన్న మా చిన్నాన్నకి కిడ్నీ మార్పిడి కోసం ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగుతున్నాం, మధ్యలో టార్గెట్ పెంచొచ్చా, కొత్త పేజీ తెరవాలా అని అడిగాను కదండీ. మీరు చెప్పినట్టే పాత పేజీలోనే 6 లక్షలని 10 లక్షలు చేశాం.

కొత్త ఆలోచనలకి జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో అయితే మొదలెట్టాక టార్గెట్ మార్చనివ్వరు. మేం వాడిన సైట్‌లో ఆ ఇబ్బంది లేదు. హాస్పిటల్ కొత్త ఎస్టిమేట్ పంపితే సైట్ వాళ్ళే మార్చారు. కొత్త పేజీ తెరిస్తే వాట్సాప్‌లో ఊరూరా తిరిగిన లింకు వృథా అయ్యేది.

భయమల్లా ఒకటే. వచ్చింది 5.4 లక్షలు. పేజీలో 90 శాతం చూపించే గీత ఒక్కసారిగా 54కి పడిపోతుంది, చూసినవాళ్ళు ఏమనుకుంటారో అని. అందుకే అంకె మార్చకముందే కారణం రాసి, రెండు ఎస్టిమేట్లూ పక్కపక్కనే పెట్టాం. మొదటిదాంట్లో కిడ్నీ ఇస్తున్న పిన్ని పరీక్షలు లేవు, చిన్నాన్న ఆపరేషన్ తర్వాత కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా జీవితాంతం వాడాల్సిన టాక్రోలిమస్ లాంటి మందులూ లేవు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం జనానికి డయాలిసిస్ కష్టం కొత్తగా చెప్పాలా! సోంపేట, ఇచ్ఛాపురం వాళ్ళు కొందరు రెండోసారి కూడా వేశారు. ఒక్కరూ డబ్బు వెనక్కి అడగలేదు.

పిన్ని పరీక్షలు మొదలయ్యాయి. మీ అందరికీ నమస్కారం చెప్పమంది.