స్పానిష్ సాహిత్యంలో అధికారం, స్త్రీలు, విప్లవం: క్లాసు ఎక్కడ మొదలుపెడుతున్నారు?

అట్లాంటా_పంతులు:
వచ్చే సెమిస్టర్ డిగ్రీ మూడో ఏడాది వాళ్లకి ఈ కోర్సు నా నెత్తిన పడింది. 1910 మెక్సికో విప్లవం చుట్టూ నడుపుదామనుకుంటున్నా. ఆ విప్లవం మీద మరియానో అసువేలా రాసిన నవల 'లోస్ దె అబాహో'తో మొదలుపెట్టొచ్చా? పిల్లల స్పానిష్ అంతంత మాత్రమే.

పాతపుస్తకం:
వద్దండీ. పల్లె యాస, సైనికుల తిట్లు చూసి మొదటి వారమే బెదిరిపోతారు. నేనైతే పదిహేడో శతాబ్దపు మెక్సికో సన్యాసిని, కవయిత్రి సోర్ హువానాతో మొదలుపెడతాను. మఠంలో ఉంటూ ఒక ఫాదర్ ప్రసంగాన్ని విమర్శించింది ఆవిడ. పుయెబ్లా బిషప్పు ఆ విమర్శను అచ్చేయించాడు. దానితోపాటే 'సోర్ ఫిలోతెయా' అని సన్యాసిని పేరు పెట్టుకుని, లౌకికమైన చదువులు తగ్గించి దైవచింతన చూసుకోమని ఉత్తరం రాశాడు. 1691లో ఆవిడ రాసిన జవాబు మొత్తం అక్కర్లేదు, వంటింటి పేజీ చాలు. గుడ్డు నూనెలో గట్టిపడుతుంది, పాకంలో విడిపోతుంది అంటూ తను గమనించినవి చెప్పుకొచ్చి, అరిస్టాటిల్ వంట చేసుంటే ఇంకా ఎక్కువ రాసేవాడు అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. అప్పుడు అడుగుతాను, బిషప్పుకి ఆడపేరు ఎందుకు కావాల్సొచ్చిందని. ఇక ఆ గంట నేను మాట్లాడే పని ఉండదు.

మిరపకాయ_బజ్జీ:
బాగానే ఉంది గానీ, విప్లవం ఎప్పుడొస్తుంది మేడమ్ అని అడగరా? నేను నెల్లీ కాంపొబెల్లో 'కార్తూచో' (1931) ఇస్తాను. అన్నీ పేజీ, రెండు పేజీల ముక్కలు. విప్లవ నాయకుడు పాంచో విల్లా సైనికుల చావులన్నీ ఒక చిన్నపిల్ల కళ్లతో చూపిస్తుంది. కిటికీలోంచి కనబడే శవం మీద ఆ పిల్లకి మమకారం పుడుతుంది. దాన్ని ఎత్తుకెళ్లిపోతే, ఇంకొకణ్ణి మా ఇంటి పక్కనే కాల్చితే బాగుండు అనుకుంటూ నిద్రపోతుంది. ఏం చదవబోతున్నారో ముందు రోజే చెప్పండి, కొందరు తట్టుకోలేరు.

చార్మినార్_హిస్పానిస్టు:
ఎలెనా పోనియాతోవ్‌స్కా 1969 నవల 'హాస్తా నో వెర్తె హెసూస్ మీయో'ని ఎవరూ తలవలేదేం? అందులో హెసూసా మొగుడు యుద్ధంలో పోతాడు. పెన్షన్ కోసం దేశాధ్యక్షుడు కారాన్సా దగ్గరికి వెళ్తే, నువ్వింకా చిన్నదానివి, మళ్లీ పెళ్లి చేసుకుంటావు, చచ్చినవాడు నీ రెండో మొగుణ్ణి కూడా పోషించలేడు కదా అంటాడు. అధికారం, ఆడది, విప్లవం మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఈ పాత్రకి మూలం హోసెఫీనా బోర్కెస్ అనే నిజమైన మనిషి. అది చెప్పగానే, కథ ఎవరిది, చెప్పినావిడదా రాసినావిడదా అని గొడవ మొదలవుతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు చెప్పుకున్న 'మనకు తెలియని మన చరిత్ర' (1986) చదివినవాళ్లకి ఈ గొడవ బాగా తెలుసు.

అట్లాంటా_పంతులు:
మరి అసువేలాని వదిలేయమంటారా?

పాతపుస్తకం:
వదలొద్దు, ఐదో వారానికి జరపండి. రెండో భాగం చివర దళంలోని లా పింతాదా అనే ఆడమనిషి, కమీలా అనే ఇంకో ఆమెను పొడిచి చంపుతుంది, దళ నాయకుడు దెమెత్రియో పింతాదాను వెళ్లగొడతాడు. దళంలోని ఆడవాళ్లిద్దరినీ రచయిత ఒకేసారి ఎందుకు తప్పించాడో పిల్లల్నే చెప్పమనండి.

మిరపకాయ_బజ్జీ:
ఇక్కడ నేనూ మీతోనే. పరీక్షకి నవల చివర్లోని రాయి సీను ఇవ్వండి. ఇంకా ఎందుకు పోరాడుతున్నారని పెళ్లాం అడిగితే, దెమెత్రియో లోయలోకి రాయి విసిరి, అదెలా ఆగకుండా పోతోందో చూడమంటాడు. క్లాసులో అందరూ రాయి గురించి పేజీలకి పేజీలు నింపుతారు. అడిగిన పెళ్లాం గురించి రాసినవాళ్లకి నేను రెండు మార్కులు ఎక్కువేస్తాను.